వారంటీ అయిపోయిన 14 నెలలకు సరి గేర్లు (2, 4, 6) పోయాయి. "గేర్‌బాక్సు మొత్తం మార్చాలి" అంటున్నారు. వేరే దారి లేదా?

రెండో_ఓనరు:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి. మూడు రోజులుగా కంటి మీద కునుకు లేదు.

కారు తొమ్మిదేళ్ల నాటి రెండు తలుపుల స్పోర్ట్స్ కూపే. టర్బో పెట్రోల్, 6 గేర్ల డ్యుయల్ క్లచ్ ఆటోమేటిక్, వెట్ క్లచ్ (క్లచ్‌లు ఆయిల్లో మునిగి ఉండే) రకం. 94,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీతో మాటలు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి పేరు పెట్టడం లేదు. నేను రెండో ఓనర్ని. 51,000 దగ్గర కొన్నాను. ఆరేళ్లు డబ్బు కూడబెట్టి కొన్న కారు ఇది. ఎక్స్‌టెండెడ్ వారంటీ అయిపోయి 14 నెలలైంది.

మొదటి సూచన వారంటీ ఉన్నప్పుడే కనబడింది. బండి బాగా వేడెక్కాక, సిగ్నల్ దగ్గర ఆగబోతూ 3 నుంచి 2కి దిగేటప్పుడు వెనక నుంచి ఎవరో మోకాలితో పొడిచినట్టు ఒక కుదుపు. పొద్దున్నే చల్లటి బండిలో ఎంత వెతికినా దొరకదు. సర్వీస్ సెంటర్లో చెప్పాను. వాళ్లు రాత్రంతా ఆపి ఉంచిన బండిని పొద్దున 4 కిలోమీటర్లు తిప్పి, అంతా నార్మల్, ఈ మోడల్ స్వభావమే అంత అని పంపేశారు. నేనూ నమ్మాను.

పోయిన గురువారం సాయంత్రం యాభై నిమిషాలు ఆగుతూ కదులుతూ ట్రాఫిక్‌లో ఉన్నాను. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే 1 నుంచి 2కి మారాల్సిన చోట ఇంజిన్ ఒక్కసారిగా 4,000 ఆర్‌పీఎంకి లేచింది, బండి మాత్రం లాగలేదు. రెండు సెకన్లు గాల్లో ఉన్నట్టు. ఆ తర్వాత ధడేల్మని 3వ గేరు పడింది. మీటర్లో గేరు బొమ్మ వెలిగింది, నెమ్మదిగా నడుపుకుంటూ వర్క్‌షాప్‌కి వెళ్లమని మెసేజ్. పక్కకి ఆపి, ఆఫ్ చేసి, ఐదు నిమిషాలాగి స్టార్ట్ చేశాను. 1 పడుతుంది, ఆ తర్వాత 3, ఆ తర్వాత 5. స్టీరింగ్ వెనక గేర్లు మార్చే ప్యాడిల్‌తో 2 అడిగితే ఇవ్వదు. 4 లేదు, 6 లేదు. రివర్స్ మాత్రం మామూలుగా పడుతోంది. అలాగే 11 కిలోమీటర్లు ఇంటికి తెచ్చాను. ప్రతి సిగ్నల్ దగ్గరా 1లో ఇంజిన్ అరుస్తుంటే నాకే నొప్పి పుట్టినట్టయింది.

సర్వీస్ సెంటర్ రెండు రోజులు ఉంచుకుని ఎస్టిమేట్ ఇచ్చింది. అందులో ఒకటే లైను: ట్రాన్స్‌మిషన్ అసెంబ్లీ, రీప్లేస్. ఈ రోజు బండి అమ్మితే వచ్చే దాంట్లో సగానికి పైగా ఆ ఒక్క లైనుకే పోతుంది. లోపల ఏం పోయింది అని అడిగితే "మేం విప్పం సార్, యూనిట్‌గానే వస్తుంది" అన్నారు. ఎర్రర్ కోడ్ల ప్రింట్ అడిగితే అది బయటికివ్వం అన్నారు. నా దగ్గరున్న చిన్న స్కానర్ పెట్టి చూస్తే పీ0700 ఒక్కటే కనబడింది. గేర్‌బాక్సు ఆయిల్ ఎప్పుడైనా మార్చారా అంటే "అది లైఫ్‌టైమ్ ఆయిల్ సార్" అని జవాబు.

నేను తెలుసుకోవాలనుకునేది ఇది. మొత్తం మార్చడం తప్ప నిజంగానే దారి లేదా? సెకండ్ హ్యాండ్ గేర్‌బాక్సు వేయించుకోవడం తెలివైన పనేనా? ఏం పోయిందో చెప్పకుండా ఇంత డబ్బు అడుగుతుంటే, సరే అనడానికి నాకు మనసొప్పడం లేదు.


వీ8_రాత్రిడ్యూటీ:

అన్నా, మీ పోస్టు చదువుతుంటే మూడేళ్ల క్రితం నన్ను నేను చూసుకున్నట్టుంది. నాది డ్యుయల్ క్లచ్ కాదు, టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకి అందించే భాగం) ఉన్న మామూలు ఆటోమేటిక్. వీ8 సెడాన్, అప్పటికి పదకొండేళ్ల బండి. రోగం వేరు, కానీ నేను చేసిన తప్పు మీరు చేయకూడదని రాస్తున్నాను.

60, 70 స్పీడులో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి వెళ్తుంటే, రోడ్డు పక్కన గీతలు గీతలుగా వేసిన సిమెంటు మీద టైరు ఎక్కినట్టు వణుకు. మొదటి వర్క్‌షాప్ టార్క్ కన్వర్టర్ పోయిందంది. మార్పించాను. మూడు వారాలు హాయిగా ఉంది, మళ్లీ అదే వణుకు. రెండో చోట గేర్‌బాక్సే మార్చాలన్నారు. మూడో చోట ఒక పెద్దాయన ఏ భాగమూ ముట్టుకోకుండా ముందు డిప్ ట్యూబ్ లోంచి కొంచెం ఆయిల్ తీసి వేళ్ల మధ్య రాసి చూశాడు. ఆ తర్వాత బానెట్ కింద కూలెంట్ డబ్బా వైపు చూసి "ఇది మీరు ఎన్నిసార్లు నింపుతున్నారు?" అని అడిగాడు. నెలకోసారి అర గ్లాసు నీళ్లంత పోస్తున్నాను, పాత బండి కదా, అది మామూలే అనుకున్నాను.

అసలు సంగతి అక్కడుంది. చాలా బండ్లలో గేర్‌బాక్సు ఆయిల్‌ని చల్లార్చే కూలర్ రేడియేటర్ లోపలే ఉంటుంది. ఆ గోడ ఎక్కడో పగిలి కూలెంట్ చుక్క చుక్కగా గేర్‌బాక్సులోకి పోతోంది. కూలెంట్లో ఉండే గ్లైకాల్ క్లచ్ ప్లేట్ల మీది లైనింగుని పాడు చేస్తుంది. ఇది కొన్ని మిల్లీలీటర్లున్నా చాలు. ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపిస్తే గ్లైకాల్ ఉందని తేలింది. అంటే నేను డబ్బు పెట్టి మార్పించిన కొత్త కన్వర్టర్‌ని అదే పాత రేడియేటర్ మూడు వారాల్లో మళ్లీ పాడు చేసింది.

అందుకని చెబుతున్నాను అన్నా, కారణం ఏంటో చేతికి చిక్కకుండా కొత్తదైనా పాతదైనా గేర్‌బాక్సు ఎక్కించొద్దు. మీ బండికి కూలెంట్ తగ్గుతోందా? ఒకసారి చూడండి.

సెకండ్ హ్యాండ్ బాక్సు గురించి: బయటికి మెరుస్తూ కనబడుతుంది, లోపల క్లచ్‌లు ఎంత అరిగాయో ఎవరూ చెప్పలేరు. పైగా చాలా మోడళ్లలో దాని కంప్యూటర్ పాత బండి నంబరుతో ముడిపడి ఉంటుంది. మీ బండికి కోడింగ్ చేయగలిగేవాళ్లు ముందే దొరికితేనే ఆలోచించండి.


నాలుగో_కారు:

నా సలహా సూటిగా చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు. ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయండి. తొమ్మిదేళ్ల పెర్ఫార్మెన్స్ కారులో ఇవాళ గేర్‌బాక్సు, రేపు టర్బో, ఎల్లుండి సస్పెన్షన్. బండి ధర తగ్గుతుంది గానీ విడిభాగాల ధర తగ్గదు. ఈ బండ్లు కొత్తగా ఉన్నప్పుడు ఏ తరగతివో, వాటి రిపేర్లు ఎప్పటికీ ఆ తరగతివే. గేరు లోపం మాత్రం దాచకుండా చెప్పి ఇవ్వండి.


నూనె_మరకలు:

రెండో ఓనరు గారూ, 21 ఏళ్లుగా నేను చేస్తున్న పని ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పడమే. ఇంజిన్ పని ముట్టుకోను. మీరు రాసిన లక్షణాలు ఎంత వివరంగా ఉన్నాయంటే, బండి చూడకుండానే కొంత చెప్పొచ్చు.

ముందు పీ0700 సంగతి. అది రోగం పేరు కాదు. "గేర్‌బాక్సు కంప్యూటర్ దగ్గర ఒక ఫిర్యాదు ఉంది, వెళ్లి దాన్ని అడగండి" అని ఇంజిన్ కంప్యూటర్ చెప్పే కబురు, అంతే. చిన్న స్కానర్లు చాలావరకు ఇంజిన్ కంప్యూటర్‌తోనే మాట్లాడతాయి. మీకు కావల్సిన జవాబు గేర్‌బాక్సు కంప్యూటర్లో ఉంది. మీ కంపెనీ బండ్లకు సరిపడే పూర్తి స్కానర్ ఉన్న ఏ మంచి వర్క్‌షాప్‌లోనైనా అది చదవొచ్చు. కోడ్లు చదివేముందు ఎవరినీ చెరపనివ్వకండి. కోడ్ పడిన క్షణంలో ఆయిల్ వేడి ఎంత, ఏ గేరు, ఎంత స్పీడు అన్నది కూడా దాంతోపాటే నమోదై ఉంటుంది. చెరిపేస్తే అదీ పోతుంది.

ఇక మీ గేర్లు. డ్యుయల్ క్లచ్ అంటే ఒకే డబ్బాలో రెండు గేర్‌బాక్సులు. ఒక క్లచ్ బేసి గేర్లని నడుపుతుంది, రెండోది సరి గేర్లని. 3లో వెళ్తుండగానే 4 పక్కన సిద్ధంగా ఉంటుంది, ఒక క్లచ్ వదులుతుంటే ఇంకోటి పట్టుకుంటుంది. మీకు 1, 3, 5, రివర్స్ ఉన్నాయి, అంటే మీ డిజైన్‌లో రివర్స్ బేసి షాఫ్ట్ మీదుగా నడుస్తోంది. పోయినది సరి వైపు మాత్రమే. రెండు వైపులకీ ఆయిల్ పంపు ఒకటే, కంప్యూటర్ ఒకటే, ఆయిల్ ఒకటే. పంపు పోతే రెండు వైపులా పోవాలి. కంప్యూటర్ పూర్తిగా చచ్చిపోతే బండి కదలనే కదలదు. కాబట్టి మీ డబ్బా మొత్తం చెడిపోలేదని మీ బండే మీకు చెబుతోంది.

సరి వైపు ఎందుకు పోయి ఉంటుందంటే నా అనుభవంలో కొన్నే కారణాలు. రెండో క్లచ్ ప్లేట్లు అరిగి జారుతుండొచ్చు. ఆ క్లచ్‌కి ప్రెషర్ పంపే వాల్వు ఇరుక్కుని ఉండొచ్చు. ప్రెషర్ సెన్సార్ తప్పు చెబుతుండొచ్చు. లేదా గేరు ఫోర్కు (గేరు పడేలా జరిపే పంగ లాంటి భాగం) ఎక్కడుందో చెప్పే సెన్సార్ గందరగోళపడుతుండొచ్చు. కంప్యూటర్‌కి ఫోర్కు ఎక్కడుందో నమ్మకం లేకపోతే అది ఆ వైపు మొత్తాన్ని మూసేస్తుంది. రెండు గేర్లు ఒకేసారి పడితే గేర్‌బాక్సు పగిలిపోతుంది కాబట్టి ఆ జాగ్రత్త మంచిదే. మీకు జరిగింది కూడా అలాంటి జాగ్రత్తే అయ్యుండొచ్చు. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా "మొత్తం మార్చు" అనేది కాదు.

సర్వీస్ సెంటర్‌ని పూర్తిగా తప్పుపట్టను. ఇవి విప్పాలంటే దుమ్ము లేని గది, ప్రత్యేక పనిముట్లు, చేయి తిరిగిన మనిషి కావాలి. యూనిట్ మార్చేస్తే పనికి గ్యారంటీ ఇవ్వడం వాళ్లకి సులువు. కానీ ఏం పోయిందో చెప్పకపోవడం మాత్రం తప్పే. అది నేను ఒప్పుకోను.

లైఫ్‌టైమ్ ఆయిల్ మాట వింటే నాకు మండుతుంది. జెడ్‌ఎఫ్ 8 గేర్ల ఆటోమేటిక్‌ని ఎన్నో కంపెనీలు వాడతాయి. ఆ గేర్‌బాక్సు తయారుచేసిన జెడ్‌ఎఫ్ సంస్థే, నడిపే తీరును బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకి గానీ 8 ఏళ్లకి గానీ ఆయిల్ మార్చమంటుంది. అదే బాక్సు పెట్టిన కొన్ని కార్ల పుస్తకాల్లో మాత్రం మార్చే పని లేదని రాసి ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ 2003లో గోల్ఫ్ ఆర్32లో మొదలుపెట్టిన 6 గేర్ల వెట్ క్లచ్ బాక్సుకి కంపెనీ షెడ్యూలే 60,000 కిలోమీటర్లు. వెట్ క్లచ్‌లో ఆయిల్ మూడు పనులు చేస్తుంది: గేర్లని తడుపుతుంది, క్లచ్‌ల వేడి లాగుతుంది, వాల్వుల్లో ప్రెషర్‌గా పనిచేస్తుంది. అంటే క్లచ్ అరిగిన పొడి, గేర్ల ఇనప రజను, అన్నీ ఆ ఆయిల్‌తోనే వెంట్రుక కంటే సన్నని సందులున్న వాల్వుల్లోకి తిరుగుతుంటాయి. ఫిల్టర్ కొంత పడుతుంది, అయస్కాంతం కొంత పడుతుంది, మిగిలింది తిరుగుతూనే ఉంటుంది. 94,000 కిలోమీటర్ల ఆయిల్‌కి జీవితం ఎప్పుడో అయిపోయింది.

పెర్ఫార్మెన్స్ కార్లకి ఇది ఇంకా తొందరగా వస్తుంది. కారణం వేడి. లాంచ్ కంట్రోల్ (నిలబడ్డ బండిని పూర్తి బలంతో ఒక్కసారిగా దూకించే సదుపాయం) ఒక్కసారి వాడితే క్లచ్ మీద పడే వేడి మామూలు డ్రైవింగ్‌లో ఎప్పుడూ పడదు. ఎత్తు మీద ట్రాఫిక్‌లో బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టి ఉంచడం కూడా క్లచ్‌ని అలాగే కాలుస్తుంది. ఇంజిన్ రీమ్యాప్ మరో సంగతి. ప్రతి గేర్‌బాక్సుకి తట్టుకునే టార్క్ (తిప్పే బలం) ఇంతని లెక్క ఉంటుంది. నేను చెప్పిన ఆ 6 గేర్ల బాక్సుకి మొదట్లో 350 న్యూటన్ మీటర్లు, దాని తర్వాత వచ్చిన 7 గేర్ల డ్రై క్లచ్ బాక్సుకి 250. ల్యాప్‌టాప్ పెట్టి అరగంటలో ఇంజిన్ బలం పెంచుతారు, క్లచ్ ప్లేట్లు మాత్రం పాతవే ఉంటాయి. మీ బండి మొదటి ఓనర్ చేతిలో రీమ్యాప్ అయిందేమో అదే స్కాన్‌లో చూపించండి.

ఇప్పుడు చేయాల్సింది: బండిని ఇక నడపొద్దు, రికవరీ వ్యాన్ మీదే కదపండి. గేర్‌బాక్సు కంప్యూటర్ని పూర్తిగా చదివించి ప్రింట్ తీసుకోండి. రెండు క్లచ్‌ల అడాప్టేషన్ విలువలు (క్లచ్ అరుగుదలకి తగ్గట్టు కంప్యూటర్ చేసుకున్న సర్దుబాటు అంకెలు), ఫోర్కుల పొజిషన్లు, ఆయిల్ టెంపరేచర్ అన్నీ అందులో ఉండాలి. ఆయిల్ దించినప్పుడు అయస్కాంతం ప్లగ్గు మీదేముందో ఫోటో తీయండి. బూడిద రంగు ముద్దలా మెత్తగా ఉంటే అది మామూలు అరుగుదల. వేళ్లకి గుచ్చుకునే రేకులో, గేరు పన్ను ముక్కలో దొరికితే అప్పుడు డబ్బా విప్పక తప్పదు, నేనూ వేరే మాట చెప్పను.

నాలుగో కారు గారూ, లోపం చెప్పి ఇవ్వమన్నారు, అది బాగుంది. కానీ 1, 3, 5 మీద నడిచే బండికి ఎక్స్‌ఛేంజ్‌లో వాళ్లు కట్టే ధరలోంచి కొత్త గేర్‌బాక్సు ఖరీదు తీసేస్తారు. అసలు రోగం చిన్నదైతే ఆ నష్టం ఈయన ఎందుకు భరించాలి?


ఫైలుకట్ట:

నేను కొన్నేళ్లు ఒక కార్ల కంపెనీ వారంటీ విభాగంలో పనిచేశాను. మెకానిక్ పని నాకు తెలియదు, కాగితాల పని తెలుసు.

రెండో ఓనరు గారూ, మీ పోస్టులో అన్నిటికంటే విలువైన వాక్యం, వారంటీలో ఉండగానే కుదుపు గురించి చెప్పాను అన్నది. ఆ రోజు జాబ్ కార్డ్ మీ దగ్గరుందా? దాని మీద మీ ఫిర్యాదు మీ మాటల్లో రాసి ఉందా? ఉంటే ఆ కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. లేకపోతే సర్వీస్ హిస్టరీ ప్రింట్ అడగండి.

వారంటీ అయిపోయాక కూడా కంపెనీలు గుడ్‌విల్ కింద కొంత భరిస్తాయి. అది హక్కు కాదు, కానీ అడిగే తీరు మీద చాలా ఉంటుంది. లోపం వారంటీలో మొదలైందని చూపించగలగడం, సర్వీసులన్నీ వాళ్ల దగ్గరే చేయించి ఉండడం, బండిలో మార్పులు లేకపోవడం, ఈ మూడూ చూస్తారు. ఫోన్లో సర్వీస్ అడ్వైజర్‌తో వాదించి లాభం లేదు, ఆయన చేతిలో ఏమీ ఉండదు. కంపెనీ కస్టమర్ విభాగానికి రాతపూర్వకంగా, ఒక పేజీ దాటకుండా, తేదీలూ కిలోమీటర్లూ వేసి పంపండి. తిట్లు వద్దు. "ఏ భాగం చెడిందో రాతలో ఇవ్వండి" అని ఒక్క వాక్యం తప్పకుండా పెట్టండి. దానికి జవాబివ్వకపోతే అదీ మీకు పనికొచ్చే కాగితమే.

ఒకే లోపం చాలామందికి వస్తే కంపెనీలే వారంటీ పెంచిన సందర్భాలున్నాయి. 2009లో ఫోక్స్‌వ్యాగన్ అమెరికాలో డీఎస్‌జీ (డ్యుయల్ క్లచ్‌కి ఆ కంపెనీ పెట్టిన పేరు) బాక్సుల టెంపరేచర్ సెన్సార్ సమస్య మీద బండ్లని వెనక్కి పిలిచి, ఆ గేర్‌బాక్సు వారంటీని 10 ఏళ్లకి, లక్ష మైళ్లకి పొడిగించింది. మీ మోడల్‌కి అలాంటి పొడిగింపు గానీ రీకాల్ గానీ ఉందేమో ఛాసిస్ నంబరుతో అడగండి. అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

ఇంకొకటి. బయట విప్పించే ముందే ఈ ఉత్తరం పంపండి. విప్పాక "బయటివాళ్లు ముట్టుకున్నారు" అనే ఒక్క మాటతో ఫైలు మూసేస్తారు.


రెండో_ఓనరు:

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు.

కూలెంట్ చూశాను, తగ్గడం లేదు. జాబ్ కార్డ్ దొరికింది. వారంటీ అయిపోవడానికి 3 నెలల ముందుది. నా ఫిర్యాదు "వేడిగా ఉన్నప్పుడు 3-2 కుదుపు" అని రాసి ఉంది. కింద వాళ్ల రాత: "టెస్ట్ డ్రైవ్ చేశాం, వాహన స్వభావం." ఆ కార్డు ఫోటో పెట్టి ఒక పేజీ ఉత్తరం నిన్న పంపాను.

నూనె మరకలు గారు చెప్పినట్టు పూర్తి స్కానర్ ఉన్న చోటుకి వ్యాన్ మీద పంపించాను. రిపోర్టులో ముఖ్యమైనవి ఇవి. 2-4 ఫోర్క్ ట్రావెల్ సెన్సార్, సిగ్నల్ పొంతన లేదు, అడపాదడపా. ఆ కోడే ఏడుసార్లు నమోదైంది, ప్రతిసారీ ఆయిల్ వేడి 100 డిగ్రీలు దాటాకే. రెండు క్లచ్‌ల ప్రెషర్లు మామూలుగా ఉన్నాయి. రెండో క్లచ్ అడాప్టేషన్ మొదటిదాని కంటే కొంచెం ఎక్కువ జరిగింది కానీ హద్దులోనే ఉందన్నారు. ఇంజిన్ సాఫ్ట్‌వేర్ ఒరిజినల్, రీమ్యాప్ లేదు. అది చూసి మొదటి ఓనర్‌కి మనసులోనే దండం పెట్టుకున్నాను.


నూనె_మరకలు:

ఏడుసార్లూ వేడిలోనే అంటే నాకు చాలావరకు అర్థమైంది. ఈ రకం బాక్సుల్లో ప్రతి ఫోర్కు మీదా చిన్న అయస్కాంతం ఉంటుంది. ఎదురుగా ఉన్న సెన్సార్ ఆ అయస్కాంతం ఎంత జరిగిందో చూసి ఫోర్కు ఎక్కడుందో చెబుతుంది. ఆయిల్లో తిరిగే ఇనప రజను ఆ అయస్కాంతానికీ అంటుకుంటుంది. పేరుకున్నకొద్దీ సెన్సార్‌కి చూపు మసకబారుతుంది. వేడిలో ఆ తేడా ఇంకొంచెం పెరిగి కంప్యూటర్ హద్దు దాటుతుంది.

మెకాట్రానిక్, అంటే వాల్వులూ కంప్యూటర్ కలిసున్న భాగం, బాక్సు బండి మీదుండగానే దించొచ్చు. దించగానే ఫోర్కుల అయస్కాంతాలు కళ్లెదుటే ఉంటాయి. దించేవాళ్లకి రెండు జాగ్రత్తలు చెప్పండి. బ్యాటరీ తీసేశాకే ప్లగ్గు పీకాలి. ప్లగ్గు పిన్నులని చేత్తో ముట్టకూడదు, ఒంట్లోని స్టాటిక్ కరెంటు చాలు ఆ బోర్డుని చంపడానికి. శుభ్రం చేశాక కొత్త ఆయిల్, ఫిల్టర్, ఆపైన బేసిక్ సెట్టింగ్, అంటే క్లచ్‌ల, ఫోర్కుల స్థానాలు కంప్యూటర్‌కి మళ్లీ నేర్పించడం. ఆయిల్ లెవెల్ కంపెనీ చెప్పిన వేడి దగ్గరే చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూస్తే ఆ కొలత తప్పుతుంది.

ఒకవేళ శుభ్రం చేశాకా కోడ్ వస్తే సెన్సారే పోయిందని. అప్పుడూ మెకాట్రానిక్ వరకే, డబ్బా మొత్తం కాదు.


రెండో_ఓనరు:

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. ఎవరైనా ఇదే సమస్యతో ఇక్కడికి వస్తే సగంలో వదిలేసినట్టు ఉండకూడదని.

కంపెనీ జవాబు మూడు వారాలకి వచ్చింది. మొత్తం యూనిట్ వాళ్ల దగ్గరే మార్పించుకుంటే భాగం ధరలో కొంత వాళ్లు భరిస్తామన్నారు. ఏ భాగం చెడిందో రాతలో ఇవ్వమని అడిగిన దానికి మాత్రం ఒక్క ముక్క లేదు. వాళ్లు భరించగా మిగిలింది కూడా నాకు మోయలేని బరువే. అందుకని బయటే విప్పించాను.

విప్పిన రోజు పొద్దున్నుంచీ అక్కడే నిలబడ్డాను. ఆయిల్ దిగుతుంటే కాఫీ డికాక్షన్ రంగులో ఉంది, కాలిన వాసన ముక్కుకి తగిలింది. ప్లగ్గు మీద బూడిద రంగు ముద్ద, వేళ్ల మధ్య నలిపి చూశాను, మెత్తగా ఉంది, రేకుల్లేవు. అప్పుడే సగం ప్రాణం లేచొచ్చింది. మెకాట్రానిక్ నెమ్మదిగా బయటికి లాగి టార్చి వేసి పిలిచారు. నాలుగు ఫోర్కుల్లో మూడింటి మీద అయస్కాంతం పల్చటి నల్లటి పొరతో ఉంది. 2-4 ఫోర్కుది మాత్రం కనబడనే లేదు. దాని చుట్టూ ఇనప రజను నిక్కబొడుచుకుని, గొంగళిపురుగు ఒళ్లు ముడుచుకుని పడుకున్నట్టుంది. మెకానిక్ ఇనుము కాని పుల్లతో దాన్ని కొంచెం కొంచెంగా గీకి గుడ్డ మీద పెట్టాడు. గోరంత కూడా లేదు. నా బండిలో సరి గేర్లన్నీ ఆపింది ఆ గోరంత రజను.

ఆయిల్, ఫిల్టర్, సీలు మార్చి బేసిక్ సెట్టింగ్ చేశారు. మొదటిసారి పూర్తవలేదు, ఆయిల్ వేడి చాలక ఆగిపోయింది. రెండోసారి అయింది. ఆ సర్వీస్ సెంటర్ ఎస్టిమేట్లో పదో వంతు కూడా కాలేదు ఖర్చు.

ఇప్పటికి 1,800 కిలోమీటర్లు నడిపాను. గేరు బొమ్మ మళ్లీ వెలగలేదు. పోయిన శుక్రవారం కావాలనే సాయంత్రం రద్దీలో అదే ఫ్లైఓవర్ ఎక్కాను, ఆయిల్ వేడి 104 చూపించింది. 2 పడింది, 4 పడింది. 3-2 కుదుపు చాలావరకు పోయింది. పూర్తిగా పోలేదు, మరీ నెమ్మదిగా పాకేటప్పుడు రెండో క్లచ్ పట్టుకునే చోట చిన్న వణుకు ఉంది. అడాప్టేషన్ విలువలు ప్రతి వెయ్యి కిలోమీటర్లకి రాసిపెట్టుకుంటున్నాను. లోపల మిగిలిన మురికి కోసం 5,000 దగ్గర మళ్లీ ఒకసారి ఆయిల్, ఫిల్టర్ మార్పిస్తాను. అప్పుడు ప్లగ్గు ఫోటో ఇక్కడే పెడతాను. నూనె మరకలు గారూ, ఆ వణుకు ఆయిల్‌తో తగ్గే రకమా, లేక క్లచ్ ప్యాక్ (క్లచ్ ప్లేట్ల సెట్టు) కోసం ఇప్పటినుంచే డబ్బు పక్కన పెట్టుకోవాలా?


నూనె_మరకలు:

రెండో క్లచ్ అడాప్టేషన్ వెయ్యికీ వెయ్యికీ మధ్య కదలకుండా ఉంటే కంగారు లేదు, అలాగే నడపండి. ఒకే దిక్కుకి జరుగుతూ పోతుంటే క్లచ్ ప్యాక్ అరుగుతోందని. అప్పుడైనా విప్పేది ముందు వైపు మూత తీసి క్లచ్ ప్యాక్ వరకే. 5,000 దగ్గర ఫోటోతో పాటు ఆ అంకెలు కూడా పెట్టండి, చూసి చెబుతాను.